పెనుకొండ కార్డు, యలహంక బతుకు: ఒక వితంతు పింఛను కేసు

2023 మార్చి మొదటి వారంలో ఒక సాయంత్రం ఆమె మా దగ్గరికి వచ్చింది. పక్కన పన్నెండేళ్ల కొడుకు, చేతిలో ఎరువుల సంచితో కుట్టుకున్న బ్యాగు. భర్త పోయి అప్పటికి పద్దెనిమిది రోజులు. బ్యాగును బల్ల మీద బోర్లించి, "ఇయ్యన్నీ ఆయప్ప కాయితాలక్కా. ఏది దేనికో నాకు తెలీదు" అంది.

బెంగళూరులో యలహంక వైపు లేబర్ షెడ్ల మధ్య వారానికి మూడు సాయంత్రాలు మేం ఒక బల్ల వేసుకుని కూర్చుంటాం. దరఖాస్తులు రాసిపెట్టడం, ఆఫీసులకు తోడు వెళ్లడం మా పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందూపురం, పెనుకొండ, మడకశిర, కదిరి ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ బేల్దారి (తాపీ) పనుల్లో చేరినవాళ్లు. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

భర్తకు 41 ఏళ్లు, బేల్దారి. పని మీద ఉండగానే ఛాతీలో నొప్పి వచ్చింది, ఆసుపత్రికి చేర్చిన కొన్ని గంటలకు పోయాడు. ఆమెకు 33. అదే సైటులో ఇసుక, సిమెంటు తట్టలు మోసే పని. కొడుకు కాక ఎనిమిదేళ్ల కూతురు. పెనుకొండ దగ్గర పల్లెలో అత్త ఒక్కతే ఉంటుంది, ఆమెకు వృద్ధాప్య పింఛను వస్తోంది. ఐదుగురికీ కలిపి ఒకటే ఆంధ్రా రైస్ కార్డు, అంటే రేషన్ కార్డు. ఈ చివరి వాక్యమే తర్వాత పది నెలలు మమ్మల్ని తిప్పింది.

ముందు పోగొట్టుకున్న వాటి గురించి చెప్పాలి. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ బీమా ఉండేది. రైస్ కార్డున్న ఇంటికి సంపాదించిపెట్టే మనిషి 18 నుంచి 50 ఏళ్ల లోపు సహజంగా చనిపోతే లక్ష రూపాయలు. కానీ ఊళ్లో ప్రభుత్వం పెట్టిన వలంటీరు ఇంటికొచ్చి పేరు నమోదు చేసుకున్నవాళ్లకే అది వర్తించేది. వలంటీరు వచ్చినప్పుడు వీళ్లు బెంగళూరులో ఉన్నారు. ఇంట్లో ఉన్న ముసలామెకు ఆ సంగతి పట్టలేదు. లక్ష పోయింది. రెండోది కర్ణాటక లేబర్ కార్డు. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు ఎవరైనా సంక్షేమ బోర్డులో సభ్యులు కావచ్చు. సొంత రాష్ట్రం ఏదైనా ఫరవాలేదు. కట్టే ప్రతి పెద్ద భవనం ఖర్చులో ఒక శాతం సెస్సుగా ఆ నిధికే వెళుతుంది. ఈయన పద్నాలుగేళ్లు ఈ ఊళ్లో గోడలు కట్టాడు, కార్డు తీసుకోలేదు. పోయాక తీసుకోవడం కుదరదు. మా షెడ్లకు ఇంత దగ్గరలో ఉన్న మనిషికి కార్డు లేదని తెలిసినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మిగిలిన కాగితాలు ఒక్కొక్కటే చూస్తూ బ్యాంకు పాస్‌బుక్ తెరిచాను. ఊరి దగ్గరి బ్రాంచిలో ఖాతా. 2022 మే చివరి వారంలో రెండు చిన్న కోతలు ఉన్నాయి: ఒకటి 436 రూపాయలు, ఒకటి 20 రూపాయలు. ఇంట్లో ఎవరికీ అవేమిటో తెలియదు. 20 రూపాయలది ప్రమాద బీమా, గుండె నొప్పికి అది పనికిరాదు. 436 రూపాయలది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మరణం ఏ కారణంతో జరిగినా రెండు లక్షలు ఇస్తారు. జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు కవరేజీ, అంటే ఆయన పోయిన రోజున అది నడుస్తోంది. అప్పటి నుంచి ఎవరు ఏ పని మీద వచ్చినా నేను ముందు అడిగేది పాస్‌బుక్కే. అదీ ఎంట్రీలు కొట్టించుకుని తెమ్మంటాను. ఏళ్ల తరబడి ఎంట్రీలు వేయించని పాస్‌బుక్ తెస్తే అందులో ఏమీ కనిపించదు.

క్లెయిమ్ వీలైనంతవరకు 30 రోజుల్లో పెట్టాలని ఫారంలో ఉంది. మాకు మిగిలింది పది పన్నెండు రోజులు. అప్పుడే పేరు దగ్గర చిక్కు వచ్చింది. ఆధార్‌లో, బ్యాంకులో ఆయన పేరు ఆంజనేయులు. (ఇది అసలు పేరు కాదు, కానీ తేడా సరిగ్గా ఇలాంటిదే.) ఆసుపత్రిలో చేర్చింది తోటి పనివాడు. పేరు అడిగితే సైటులో పిలిచే పేరే చెప్పాడు. రాసుకున్నవాళ్లు కన్నడ వాడుక ప్రకారం ఆంజినప్ప అని రాసుకున్నారు. మరణ ధ్రువపత్రం కూడా ఆ పేరుతోనే వచ్చింది. జనన మరణాల నమోదు చట్టం 1969లోని 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ తప్పును సరిచేయవచ్చు. దానికి ఆసుపత్రి నుంచి లేఖ తేవాలి, ఆధార్ నకలు, నోటరీ అఫిడవిట్ పెట్టాలి. ఇదంతా పది రోజుల్లో అయ్యే పని కాదు. అందుకని సవరణకు దరఖాస్తు పెట్టి, ఆ రసీదును, ఇద్దరూ ఒకరేనని చెప్పే అఫిడవిట్‌ను జత చేసి, తప్పు పేరున్న సర్టిఫికెట్‌తోనే క్లెయిమ్ వేద్దామని నిర్ణయించుకున్నాం. కాగితం సరిగా అయ్యాకే వెళ్దామని ఆగి గడువు పోగొట్టుకున్న కుటుంబాలను నేను చూశాను. లోపం ఉన్న దరఖాస్తుకు తర్వాత కాగితం జత చేసుకోవచ్చు.

బ్రాంచిలో మొదట "అది మాకు సంబంధం లేదు, ఇన్సూరెన్స్ కంపెనీకి పొండి" అన్నారు. ఈ పథకంలో ఖాతాదారు తరఫున పాలసీ తీసుకున్నది బ్యాంకే, కాబట్టి క్లెయిమ్ ఫారం బ్యాంకే తీసుకోవాలి. ఆ మాట రాసి, మాకు అందినట్టు సంతకం పెట్టివ్వండని రెండో ప్రతి ముందుకు జరిపాను. అప్పుడు తీసుకున్నారు. ఇరవై ఏడో రోజున ఫారం లోపలికి వెళ్లింది.

అక్కడ మరో సంగతి బయటపడింది. నామినీ భార్య కాదు, తల్లి. పథకం కొత్తగా వచ్చిన 2015లో రాయించినప్పుడు భార్య పక్కన లేదు, తల్లి ఉంది, ఆమె పేరు పెట్టాడు. డబ్బు అత్త ఖాతాలో పడుతుంది. అది విన్నాక రైల్లో తిరిగి వచ్చేటప్పుడు ఆమె గౌరిబిదనూరు దాటేవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత, "ఆయమ్మకు కొడుకే కదక్కా పోయింది" అంది, అంతే.

ఇక ఈ కేసులో నేను చేసిన తప్పు.

బీమా హడావిడిలో ఉండగానే వితంతు పింఛను సంగతి కూడా చూడాలనుకున్నాను. ఆమె ఉండేది ఇక్కడ, పిల్లలు చదివేది ఇక్కడ. కర్ణాటకలో అప్పట్లో విధవా వేతనం నెలకు 800. ఇక్కడే తీసుకుంటే నెలనెలా ఊరికి పోయే బాధ ఉండదని, ముందు ఆధార్‌లో అడ్రస్ బెంగళూరుకు మార్పించాను. గెజిటెడ్ అధికారి సంతకంతో సర్టిఫికెట్ తెచ్చి, 50 రూపాయలు కట్టి, మార్చి నెలలోనే పని పూర్తి చేశాం. త్వరగా అయిందని సంతోషపడ్డాను కూడా. ఆంధ్రాలో ఆమెకు ఏం వస్తుందో లెక్క వేయకుండా చేశాను. ఆంధ్రాలో అప్పుడు వితంతు పింఛను 2,750. ఆ తేడా నాకు తెలుసు. అయినా ఆమె ఇక్కడి మనిషి అన్న ఆలోచనలో ఉండిపోయాను.

ఏప్రిల్‌లో ఊరి సచివాలయంలో భర్త పేరు కార్డులోంచి తీయించడానికి వెళితే, పింఛను గురించి కూడా అడిగాం. కంప్యూటర్లో ఆధార్ కొట్టారు, అడ్రస్ కర్ణాటకలో కనిపించింది. ఈ ఊరి మనిషి కానప్పుడు దరఖాస్తు ఎలా తీసుకుంటామన్నారు. వాళ్ల మాటలో తప్పులేదు. ఏ ఇంట్లో ఎవరున్నారో సచివాలయం రాసుకునే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఆమె పేరు ఇంకా అత్త ఇంటి కిందే ఉండటం ఒక్కటే అదృష్టం. అదీ తీసేసి ఉంటే మళ్లీ ఎక్కించడానికి ఎన్ని నెలలు పట్టేదో. మళ్లీ పాత అడ్రస్‌కు మార్పించేసరికి జూన్ వచ్చింది.

ఆంధ్రాలో కొత్త పింఛన్లు ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో మంజూరయ్యేవి. జూలైలో ఆమె పేరు లేదు. ఆరు నెలలకు 2,750 చొప్పున 16,500 రూపాయలు. ఆ డబ్బు నా తొందరపాటు వల్ల పోయింది. ఆమెకు ఆ సంగతి దాచకుండా చెప్పాను. "మీరు మంచికే చేస్తిరి కదక్కా" అంది. ఆ మాట విన్నాక నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఇప్పుడు మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది: రెండు రాష్ట్రాల లెక్కా ఒకే కాగితం మీద రాసి, ఆ మనిషికి చదివి వినిపించాకే ఆధార్ అడ్రస్ జోలికి వెళ్లాలి.

అడ్రస్ సరిగ్గా ఉన్నా ఇంకో గోడ ఉండనే ఉంది. ఒక కార్డుకు ఒకే పింఛను. దివ్యాంగులకూ, కొన్ని జబ్బులున్నవాళ్లకూ మాత్రమే మినహాయింపు. ఆ కార్డు మీద అత్తకు ఇప్పటికే వృద్ధాప్య పింఛను వస్తోంది. కాబట్టి కోడలు, పిల్లలు వేరే కార్డుకు మారాలి. కార్డు విభజించాలంటే అందులో ఉన్నవాళ్లంతా వేలిముద్ర వేయాలి. అత్త వేయనంది.

కోడలి మీద కోపంతో కాదు. భయం. నేను ఆ పల్లెకు నాలుగుసార్లు వెళ్లాను. మొదటి రెండుసార్లు నియమాలు చెప్పాను, ఫలితం లేదు. మూడోసారి ఏమీ చెప్పకుండా అరుగు మీద కూర్చుని ఆమెతో పాటు చింతపండు గింజ తీశాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. "కార్డులో పిల్లోల్లు లేకపోతే నేను ఒంటిదాన్నని రాస్తారంట. రేపు నా పింఛను ఆపేస్తే యాడికి పోవల్ల నేను? బీమా దుడ్లు నాకే వచ్చినాయని కోడలు వేరు పోతాదేమోనని కూడా ఉందిమ్మా." అప్పటికి బీమా డబ్బు జూన్‌లో వచ్చేసింది. ముసలామె అందులో రూపాయి ముట్టుకోలేదు, కోడలు అడగలేదు. ఇద్దరూ ఆ రెండు లక్షల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

నాలుగోసారి కోడలిని, పిల్లలను తీసుకుని వెళ్లాను. సచివాలయంలో పనిచేసే ఒక అమ్మాయి సాయంత్రం ఇంటికి వచ్చి, కార్డు వేరైనంత మాత్రాన అవ్వ పింఛను ఆగదని తన నోటితో చెప్పింది. నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మని మాటను, ప్రతి నెలా తన వేలిముద్ర తీసుకునే ఆఫీసు మనిషి చెప్పేసరికి అవ్వ నమ్మింది. ఆ రాత్రే డబ్బు లెక్క కూడా తేలింది. అంత్యక్రియలకు, ఆసుపత్రికి తెచ్చిన అప్పు అరవై వేలు తీర్చేశారు. నలభై వేలు అవ్వ దగ్గరే ఉంచుకుంది. లక్ష మనవరాలి పేరుతో పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతాలో వేస్తానంది. పదేళ్ల లోపు ఆడపిల్లకు తెరవచ్చు, ఏడాదికి లక్షన్నర దాకా కట్టవచ్చు. కానీ పిల్లకు 18 ఏళ్లు వచ్చేదాకా దాదాపు తీయడానికి వీలుండదు. కొడుకు హైస్కూలు చదువు ముందుంది, అంతా అందులోనే వేయొద్దని నేను చెప్పాను. చివరకు సుకన్యలో యాభై వేలు, మిగతా యాభై కోడలి ఖాతాలో వేశారు. వారం తర్వాత అవ్వ వేలిముద్ర వేసింది.

కార్డు విడిపోయిన కాలంలోనే ఇంకో ఆలోచన మళ్లీ వచ్చింది. మే నెలలో కర్ణాటక ఎన్నికలు అయ్యాయి. కొత్త ప్రభుత్వం గృహలక్ష్మి కింద ఇంటి యజమానురాలికి నెలకు 2,000 ఇస్తామని చెప్పింది, ఆగస్టు 30న మైసూరులో మొదలుపెట్టింది. జూన్ 11 నుంచి కర్ణాటక ఆడవాళ్లకు శక్తి పథకంలో బస్సు ఉచితం. షెడ్లలో అందరూ ఆమెతో "ఏంటికి ఆ ఆంధ్రా కార్డు, ఈడికి మార్చుకో" అంటున్నారు. ఈసారి కాగితం మీద లెక్క రాశాను. ఇక్కడ 800, 2,000 కలిపి 2,800. అక్కడ 2,750. దాదాపు సమానం. పైగా ఇక్కడైతే రైలు ఖర్చు లేదు, బస్సు ఉచితం. మనసు ఇటే మొగ్గింది. కానీ గృహలక్ష్మికి కర్ణాటక రేషన్ కార్డు కావాలి, ఆ రోజుల్లో కొత్త కార్డులకు దరఖాస్తులు తీసుకోవడం లేదు. ఆంధ్రా కార్డు వదులుకుంటేగాని ఇక్కడి కార్డుకు అడగడానికి లేదు. వదులుకున్నాక ఇక్కడ ఎప్పుడొస్తుందో చెప్పలేం. రెండు కార్డుల మధ్య ఆమె, పిల్లలు బియ్యం లేకుండా ఉండిపోతారు. ఈ లెక్క చదివి వినిపించి, నిర్ణయం ఆమెకే వదిలేశాను. "చేతిలో ఉండేది వదల్లేనక్కా" అంది.

బియ్యం సంగతి అప్పటికే కుదిరి ఉండటం ఆ నిర్ణయానికి బలం ఇచ్చింది. ఆమె కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందది. ఆంధ్రాలో రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులు కూడా ఉన్నాయి, వాటికి బయటి రాష్ట్రంలో బియ్యం రావు. అందుకే ముందు కార్డు ఏ రకమో చూసుకోవాలి. మొదటిసారి షాపులో "ఆంధ్రా కార్డ్ ఇల్లి ఆగల్ల" (ఇక్కడ కుదరదు) అన్నారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద అవుతుందని చెప్పి, మెషీన్‌లో కార్డు నంబరు కొట్టించాం. వివరాలు వచ్చాయి, కానీ ఆమె వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి సిమెంటు పట్టిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. కొడుకు వేలు పెడితే వెంటనే పడింది. అప్పటి నుంచి నెలకు ముగ్గురికి పదిహేను కిలోలు ఉచితంగా ఇక్కడ తీసుకుంటున్నారు, అవ్వ తన ఐదు కిలోలు ఊళ్లో తీసుకుంటుంది. బియ్యం కోసం పిల్లాడు బడి ఎగ్గొట్టకుండా ఆదివారం వెళ్లేలా షాపాయనతో మాట్లాడుకున్నాం.

ఆమె లేబర్ కార్డు ఆలోచన నాకు సెప్టెంబరు దాకా రాలేదు. ఇది ఇంకా సిగ్గుపడాల్సిన విషయం. ఆరు నెలలుగా ఆమెను చనిపోయిన కార్మికుడి భార్యగా చూస్తున్నాను. ఆమె కూడా పదేళ్లుగా అదే సైటుల్లో పనిచేస్తున్న కార్మికురాలే. చట్టం ప్రకారం ఆమెకు సొంత హక్కు ఉంది. కార్డు ఉంటే పిల్లల చదువుకు సాయం అడగవచ్చు, ప్రమాదం జరిగితే పరిహారం, అరవై దాటాక పింఛను. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, 90 రోజుల పని సర్టిఫికెట్ కావాలి. మేస్త్రీ సంతకం పెట్టనన్నాడు. తన పేరు కాగితం మీద ఉంటే ఎవరో తనిఖీకి వస్తారని అతని టెన్షన్. రిజిస్టరైన కార్మిక సంఘం కూడా ఆ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు, మేం అలా తెచ్చుకున్నాం. దొంగ కార్డులు ఎక్కువయ్యాయని ఇన్‌స్పెక్టర్లు సైటుకు వచ్చి చూస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కుతోంది. ఆయన ఇంకేం అడగలేదు.

2024 జనవరిలో ఆమెకు మొదటి పింఛను అందింది. అదే నెల నుంచి అది 3,000 అయింది. తర్వాత ఆ ఏడాది ఎన్నికల వల్ల మే, జూన్ నెలల డబ్బు చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఆమె ఖాతాకు ఆధార్ లింకై ఉంది కాబట్టి రెండు నెలలు ఊరికి వెళ్లకుండానే డబ్బు పడింది. జూలై 1న 7,000 వచ్చాయి: పెరిగిన పింఛను 4,000, ఏప్రిల్ నుంచి బకాయి మూడు వేలు. ఆ రోజు సాయంత్రం అవ్వకూ అంతే వచ్చిందని ఫోన్ చేసింది. ఒకే ఇంట్లో ఇద్దరి చేతుల్లో ఏడేసి వేలు.

ప్రతి ఒకటో తారీకు రైలెక్కడం మాత్రం బరువే. రానుపోను రెండు రోజుల కూలి పోతుంది. 2024 డిసెంబరు నుంచి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు, కానీ మూడో నెల కూడా దాటిందంటే ఆపేస్తారు. అందుకని ఆమెకు రెండు నెలలకోసారి వెళ్లమని చెప్పాను. ఒక నెల అదనంగా చేతిలో ఉండాలి. పిల్లకు జ్వరం వచ్చినా, రైలు తప్పిపోయినా పింఛను పోకూడదు. గోడ మీద క్యాలెండర్‌లో వెళ్లాల్సిన నెలల చుట్టూ కొడుకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాడు.

మొన్న లేబర్ కార్డు రెన్యూవల్‌కు మళ్లీ 90 రోజుల సర్టిఫికెట్ కావలసి వచ్చింది. సంఘం ఆఫీసుకు వెళ్దామని నేను తయారవుతుంటే, వద్దంది. మేస్త్రీయే సంతకం పెట్టాడట. ఆ సైటులో ఇంకో పదకొండు మంది ఆడవాళ్ల ఫారాలు కూడా ఆమె బ్యాగులో ఉన్నాయి, అన్నిటి మీదా అతని సంతకం ఉంది. వాటిలో నాలుగింటికి ఆధార్ పేరు, బ్యాంకు పేరు కలవడం లేదు. శనివారం వాళ్లను పాస్‌బుక్కులతో సహా తీసుకొస్తానంది.